విషయం: లాస్ ఏంజెలెస్‌లో సపోర్టివ్ హౌసింగ్ చేసే ఆఫీసులో తొలి ఉద్యోగం, సలహా కావాలి

ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బి.ఆర్క్. చేసి, ఇక్కడికి వచ్చి ఈ మే నెలలో ఎం.ఆర్క్. పూర్తి చేశాను. లాస్ ఏంజెలెస్‌లోని ఒక చిన్న ఆఫీసు నాకు ఉద్యోగం ఇస్తామంది. వారు చేసేదంతా సపోర్టివ్ హౌసింగ్. వీధుల్లోనూ షెల్టర్లలోనూ ఏళ్ల తరబడి గడిపినవారికి శాశ్వతంగా అద్దె ఇల్లు ఇచ్చి, ఒక్కొక్కరి అవసరాలు చూసుకునే కేస్ మేనేజర్లను, వైద్య సహాయాన్ని అదే భవనంలో అందుబాటులో ఉంచుతారు. వాటితోపాటు ఒకటి రెండు కమ్యూనిటీ సెంటర్లు కూడా చేస్తున్నారు. పెద్ద ఆఫీసులతో పోలిస్తే జీతం తక్కువ. నా సందేహం ఒక్కటే. తొలి మూడు నాలుగేళ్లు ఇదే పని చేస్తే లైసెన్సుకు కావలసిన అనుభవం అన్ని విభాగాల్లోనూ దొరుకుతుందా, లేక ఒకే రకం భవనానికి పరిమితమైపోతానా?

పసడీనా నుంచి

అమ్మా, ముందు లైసెన్సు సంగతి తేల్చుకో, ఆదర్శాల సంగతి తరువాత చూసుకోవచ్చు. రాష్ట్రాల లైసెన్సు బోర్డుల ఉమ్మడి సంస్థ అయిన ఎన్‌కార్బ్ వారి అనుభవ కార్యక్రమం ఏ.ఎక్స్.పి. కింద ఆరు విభాగాల్లో కలిపి 3,740 గంటలు చూపించాలి. అందులో కనీసం 1,860 గంటలు లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు పర్యవేక్షణలో, ఆర్కిటెక్చర్ ఆఫీసులోనే చేసినవై ఉండాలి. లైసెన్సు కోసం రాసే ఏ.ఆర్.ఇ.లో ఆరు పరీక్షలు. కాలిఫోర్నియాలో వాటిపైన రాష్ట్రం పెట్టే సప్లిమెంటల్ పరీక్ష మరొకటి. మొదటి పరీక్ష పాసైన రోజు నుంచి ఐదేళ్ల గడియారం మొదలవుతుంది కాబట్టి, చదువు వేడి ఆరకముందే అన్నీ వరుసగా రాసెయ్యి. ఇంకొక మాట. లైసెన్సు చేతికి వచ్చేదాకా కార్డు మీద కానీ, లింక్డ్‌ఇన్‌లో కానీ ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకోవద్దు. మన దేశంలో 1972 చట్టం ఎలాగో ఇక్కడి రాష్ట్ర చట్టమూ అలాగే, ఆ పేరు వాడుకోవడమే నేరం. ‘డిజైనర్’ అని రాసుకుంటే ఏ గొడవా లేదు.

ఓక్లాండ్ నుంచి

పసడీనా అన్నగారు చెప్పిన ఐదేళ్ల గడియారం ఇప్పుడు లేదు. ఎన్‌కార్బ్ దానిని 2023 ఏప్రిల్ నెలాఖరుతో ఎత్తివేసింది. పాసైన పరీక్ష ఆ వెర్షన్ నడిచినంతకాలం, దాని తరువాతి వెర్షన్ నడిచినంతకాలం కూడా చెల్లుతుంది. కాబట్టి చెల్లీ, ఆ భయంతో పరుగులు తీయవద్దు. గంటలు మాత్రం ఎప్పటికప్పుడు నమోదు చేసుకోండి, ఆఫీసులు మారాక పాత సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించడం అంత తేలిక కాదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఈ భవనాలు మామూలు అపార్టుమెంట్ల లాంటివేనని అనుకొని చేరేవారు మొదటి ఏడాదే నిరుత్సాహపడతారు. 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ మొదలుపెట్టిన ‘హౌసింగ్ ఫస్ట్’ పద్ధతి ప్రకారం, మద్యమో మత్తుమందో మానితేనే ఇల్లు ఇస్తామనే షరతు ఉండదు. ముందు తాళంచెవి ఇస్తారు, చికిత్స ఆ మనిషి కోరుకున్నప్పుడు మొదలవుతుంది. రాష్ట్ర నిధులు తీసుకునే కార్యక్రమాలన్నీ ఇదే పద్ధతిలో నడవాలని కాలిఫోర్నియా 2016లో చట్టం చేసింది. దీని ఫలితం ప్లాను మీద కనిపిస్తుంది. ఇంట్లో ఉండేది లీజు మీద సంతకం చేసిన అద్దెదారుడే తప్ప రోగి కాదు కాబట్టి, ఆ భవనం ఆసుపత్రి వార్డులాగా కనిపించకూడదు.

ఒక్కొక్క స్టూడియో మూడు నాలుగు వందల చదరపు అడుగులే ఉంటుంది, అందులోనే సొంత వంటిల్లు, సొంత బాత్రూము. మంచం మీద పడుకున్నవారికి తలుపు కనిపించాలి. వీధిలో ఏళ్లపాటు నిద్రపోయిన మనిషి తలుపును వెనుక పెట్టుకొని నిద్రపోలేరు. కమ్యూనిటీ గదిలోకి అడుగు పెట్టే ముందే లోపల ఎవరున్నారో బయటినుంచి కనిపించాలి, ఇష్టం లేనివారు ఎదురైతే ఇంకొక దారిన బయటపడే వీలుండాలి. కేస్ మేనేజర్ గది ఉత్తరాల పెట్టెలకూ లాండ్రీకీ వెళ్లే దారిలో ఉంటే మాటా మాటా కలుస్తుంది. అయితే లోపలికి ఎవరు వెళ్తున్నారో లాబీలో కూర్చున్నవారందరికీ కనిపించేటట్టు పెడితే ఒక్కరూ రారు. రిసెప్షన్ డెస్కును తలుపుకు సూటిగా, గాజు వెనుక పెట్టారంటే పోలీసు స్టేషనులోకి వచ్చినట్టే ఉంటుంది.

నల్లుల గురించి కళాశాలలో ఎవరూ చెప్పరు. వాటిని చంపడానికి గదిని 120 డిగ్రీల ఫారెన్‌హీటు పైకి వేడి చేస్తారు. అందుకే మంటలార్పే స్ప్రింక్లర్ హెడ్లు ఎంత వేడికి తెరుచుకుంటాయి, ఫ్లోరింగు జిగురు, బేస్‌బోర్డు సందులు మూసే సీలెంటు, ఇవన్నీ డ్రాయింగు దశలోనే ఆలోచించాలి. గోడకు చెక్క పలకలు అందంగానే ఉంటాయి, వాటి వెనుక నల్లులు కాపురం పెడతాయి.

లాంగ్ బీచ్ నుంచి

నేను ఆర్కిటెక్టును కాను, కట్టేవాళ్ల వైపు మనిషిని. ఓక్లాండ్ గారు చెప్పిన మంచం, తలుపు అన్నీ నిజమే. కాని భవనం ఆగిపోయేది అక్కడ కాదు. నా కళ్లముందు జరిగినది చెబుతాను, నగరం పేరు అక్కరలేదు.

అయిదంతస్తుల భవనం, కింద పోడియం అనే కాంక్రీటు అంతస్తు, పైన చెక్క ఫ్రేము. చక్రాల కుర్చీవారి ఇళ్లలో కమోడ్ మధ్యరేఖ పక్కగోడనుంచి ఎంత దూరంలో ఉండాలంటే, ఫెడరల్ ప్రమాణం 16 నుంచి 18 అంగుళాలు, కాలిఫోర్నియా బిల్డింగ్ కోడులోని 11బి అధ్యాయం 17 నుంచి 18. వివరాల షీటులో ఆ కొలత టైలు ముఖం నుంచి ఇచ్చారు, ఫ్లోరు ప్లానులో స్టడ్ నుంచి, అంటే గోడ లోపలి నిలువు చెక్క నుంచి ఇచ్చారు. ప్లంబరు చూసేది ప్లానునే కదా, స్టడ్ నుంచి పదిహేడున్నర అంగుళాలకు పైపు దించాడు. దాని మీద అయిదెనిమిదో వంతు బోర్డు, మూడెనిమిదో వంతు టైలు, రెండూ కలిపి ఒక అంగుళం. మిగిలింది పదహారున్నర. డ్రాయింగులు తనిఖీ చేసే నగర ఆఫీసు ఈ రెండు షీట్లనూ ముద్ర వేసి పంపింది. ఫైనల్ తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మొదటి బాత్రూములో టేపు పెట్టి చూసి, మిగతావన్నీ చూడకుండానే ఎర్రకాగితం అంటించి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఫెడరల్ కొలతకు సరిపోతోంది కదా అని కాంట్రాక్టరు రాశాడు. రాష్ట్రంలో కడితే రెండింటిలో కఠినమైనదే పాటించాలని నగర ఆఫీసు వారాల తరువాత ఒక్క వాక్యంలో జవాబిచ్చింది, ఆ మాట నిజమే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. టైలు తీసేస్తామని అడిగాం, తీసినా 16 అంగుళాల ఏడెనిమిదో వంతే వస్తుంది, ఇంకా ఎనిమిదో వంతు తక్కువ. ఈలోగా ఇన్‌స్పెక్టరు మారాడు. కొత్తాయన పాత ఫైలు తెరవనని, మొదటినుంచీ కొలుస్తానని పట్టుబట్టాడు. పై అంతస్తులవి సరిచేయాలంటే రంగు కూడా వేసేసిన కింది ఇళ్ల పైకప్పు విప్పాలి. పోడియం మీద ఉన్నవాటికి కాంక్రీటు కోయాలి. అన్నీ కోశాం, విప్పాం. కాపురం ఉండవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ కాగితం లేదు కనుక, ఇల్లు కేటాయించిన మనుషులు షెల్టర్లలోనే ఉండిపోయారు. వారి ఆదాయ ధ్రువపత్రాలకు గడువు తీరి, కేస్ మేనేజర్లు అన్నీ మళ్లీ సంపాదించవలసి వచ్చింది.

అందుకే అమ్మాయిగారూ, కొలత రాసిన ప్రతిచోటా అది ఎక్కడినుంచి ఎక్కడికో రాయండి. మీ ఆఫీసు మీకు నేర్పవలసిన మొదటి పాఠం ఇది.

పసడీనా నుంచి

ఐదేళ్ల గడియారం విషయంలో సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. లాంగ్ బీచ్ తమ్ముడి కథలో మాత్రం నాకు ఒకటి అర్థం కావడం లేదు. కమోడ్‌ను పైపు మీదనుంచి కాస్త పక్కకు జరిపే ఆఫ్‌సెట్ ఫ్లాంజి పెడితే ఆ అర అంగుళం తేలికగా సర్దుకుంటుంది. ఒక పూట పనికి కాంక్రీటు కోయడమెందుకు?

లాంగ్ బీచ్ నుంచి

అన్నా, మేమూ ముందు అదే అడిగాం. వద్దన్నది నగరం కాదు, భవనం నడిపే సంస్థ. వంపు ఉన్న ఫ్లాంజిలో అడ్డుపడటం ఎక్కువ. పై ఇంట్లో కమోడ్ పొంగితే కింద ముగ్గురి సామాను తడుస్తుంది. అంతకుముందు భవనంలో అనుభవించాం, ఇక పెట్టనివ్వం అన్నారు. నెలకు ఎన్నిసార్లు ప్లంబరును పిలవాలో లెక్క వేసుకునేది వారే కనుక వారి మాటే చెల్లింది.

శాక్రమెంటో నుంచి

నేను హౌసింగ్ ఫైనాన్స్‌లో పనిచేస్తాను. చక్రాల కుర్చీ ఇళ్లు అయిదు శాతం, వినికిడి లేదా చూపు లోపం ఉన్నవారికి రెండు శాతం అనే ఫెడరల్ లెక్కనే చాలామంది కంఠతా పట్టి కూర్చుంటారు. ఇలాంటి ఇళ్లు కట్టడానికి పన్ను రాయితీలు పంచే రాష్ట్ర టాక్స్ క్రెడిట్ కమిటీ అంతకంటే ఎక్కువ అడుగుతుంది, నగరం డబ్బు వేస్తే దాని లెక్క వేరు. 1986 నాటి టాక్స్ క్రెడిట్టు, రాష్ట్ర రుణం, కౌంటీ డబ్బు, నగరం బాండు, సెక్షన్ 8 అద్దె సబ్సిడీ, ఇలా ఒక్క భవనానికి అయిదారు చోట్లనుంచి డబ్బు వస్తుంది. ప్రతి ఒక్కరికీ తమ నిబంధనల పుస్తకం ఉంటుంది, ఆ సంవత్సరపు పుస్తకం చదవకుండా బాత్రూము గీయవద్దు. పదహారు, అంతకు మించిన ఇళ్లున్న భవనంలో మేనేజరు అక్కడే కాపురముండాలని రాష్ట్ర నిబంధన ఉంది. ఆ ఇంటిని చివరలో ఇరికించే డిజైనర్లను చాలామందిని చూశాను.

2016 నవంబరులో లాస్ ఏంజెలెస్ ఓటర్లు ఈ రకం ఇళ్ల కోసం హెచ్.హెచ్.హెచ్. బాండు కింద 120 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2022లో నగర కంట్రోలరు ఆడిట్ చేసేసరికి, నిర్మాణంలో ఉన్న ఇళ్లకు సగటు ఖర్చు ఒక్కొక్కదానికి సుమారు 6 లక్షల డాలర్లు. ఆర్కిటెక్టు గీసిన అందమే ఈ ఖర్చుకు కారణమని పత్రికలు రాస్తాయి. అసలు డబ్బు తినేది ఆలస్యం. ఒక నిధి మంజూరైతే గాని ఇంకొకదానికి దరఖాస్తు పెట్టలేరు, ఈలోగా వడ్డీలు, ధరలు పెరుగుతాయి. 2018 నాటి ఏ.బి. 2162 చట్టం వచ్చాక, అర్హత ఉన్న ప్రాజెక్టులకు ఇరుగుపొరుగు విచారణలు లేకుండానే అనుమతి వస్తోంది. అది ఆదా చేసినంత డబ్బు ఏ డిజైనూ ఆదా చేయలేదు.

మీ తరగతిలో లాస్ ఏంజెలెస్‌లోని పేరున్న సపోర్టివ్ హౌసింగ్ భవనం స్టార్ అపార్టుమెంట్స్ ఫొటోలు చూపించే ఉంటారు. దానిని కట్టించిన స్కిడ్ రో హౌసింగ్ ట్రస్టు 2023లో నిలబడలేక దాని భవనాలను నడపడానికి కోర్టు నియమించిన రిసీవరు చేతిలోకి వెళ్లింది. అవార్డులు అద్దె కట్టవు.

ఓక్లాండ్ నుంచి

ఆ చివరి వాక్యంతో నేను ఏకీభవించను. ఆ ట్రస్టును ముంచడంలో పెద్ద పాలు పాత సింగిల్ రూమ్ హోటళ్లది. ఉమ్మడి బాత్రూములున్న గదుల్లో చేరడానికి మనుషులు ఇష్టపడక అవి ఖాళీగా పడి ఉన్నాయి, వచ్చే సబ్సిడీ మరమ్మతులకు చాలలేదు. మైకేల్ మాల్ట్‌జన్ గీసిన స్టార్ అపార్టుమెంట్స్‌లో ప్రతి ఇంటికీ సొంత బాత్రూము ఉంది. అప్పటికే ఉన్న ఒంటి అంతస్తు దుకాణాల భవనాన్ని కూల్చకుండా, దాని మీద ఫ్యాక్టరీలో తయారైన 102 ఇళ్లను పేర్చారు. ఆ నడుమ మిగిలిన పాత పైకప్పే వంటశాల, తోట, నడక దారి ఉన్న ఉమ్మడి స్థలమైంది. సొంత బాత్రూము కూడా డిజైనే కదా అండీ.

శాక్రమెంటో నుంచి

సొంత బాత్రూము విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాని ఆ వంటశాలను నడిపే మనిషికి జీతం ఏ పద్దులోనుంచి ఇస్తారని గీసేటప్పుడే అడగాలి. టాక్స్ క్రెడిట్టుతో కట్టిన ఇళ్లను కాలిఫోర్నియాలో 55 ఏళ్లపాటు తక్కువ అద్దెకే ఇవ్వాలి. కట్టడానికి డబ్బు ఒకసారి పుడుతుంది, నడపడానికి ఏటా పుట్టాలి.

శాన్ హోసే నుంచి

హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని ఆర్కిటెక్చర్ కాలేజీలో చదివినవాడిని కనుక ఒక మాట. ఆ నగరం దగ్గరి కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూము ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించారు. ఆ కళ్లతో చూస్తే ఇక్కడ ఆరేళ్లు కుస్తీ పడి అరవై ఇళ్లు కట్టడం నవ్వు పుట్టిస్తుంది. కాని అక్కడ తాళం ఇవ్వడంతో పని అయిపోయింది, ఇక్కడ అప్పుడే మొదలవుతుంది. రెండింటినీ ఒకే త్రాసులో తూచకూడదు.

అసలు విషయం ఎవరూ అడగలేదు. మీ డిగ్రీ ఏ విభాగానికి చెందిందో చెప్పే సి.ఐ.పి. కోడు ఎంత? 04.0201 అయితే అది స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ చదువుల కిందికి రాదు, చదువయ్యాక ఇక్కడ పని చేయనిచ్చే ఓ.పి.టి. పన్నెండు నెలలతోనే సరి. 04.0902 అయితే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఇప్పుడు చాలా ఎం.ఆర్క్.లు రెండవ దాని కిందికి మారాయి. విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చిన మీ ఐ-20 పత్రం చూసుకోండి. చిన్న ఆఫీసు అంటున్నారు కనుక ఇంకొకటి, ఆ 24 నెలల పొడిగింపు కావాలంటే ఉద్యోగం ఇచ్చేవారు, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి. సంతకం పెట్టకముందే అడగండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నా ఐ-20లో 04.0902 అనే ఉంది. ఆఫీసుకు ఫోను చేసి అడిగాను, ఈ-వెరిఫైలో ఉన్నామన్నారు. అరవై నాలుగు ఇళ్ల భవనం ఒకటి వచ్చే శీతాకాలంలో సైటుకు వెళ్తోందట, నన్ను దానిమీద పెడతామన్నారు. ప్రాజెక్టు మేనేజ్‌మెంటు, నిర్మాణ దశ గంటలు అక్కడ దొరుకుతాయి కాబట్టి నా అసలు సందేహం చాలావరకు తీరింది. చేరేలోపు ఏదైనా నడుస్తున్న భవనాన్ని లోపలినుంచి చూడాలని ఉంది. ఎవరిని అడగాలి?

ఓక్లాండ్ నుంచి

మీ ఆఫీసువారినే అడగండి. వారు కట్టి కనీసం అయిదేళ్లయిన భవనాన్ని చూపించమనండి, కొత్తది వద్దు. ఆర్కిటెక్టు వెంట వెళ్లకండి, ప్రాపర్టీ మేనేజరుతో వెళ్లండి. నివాసుల ఇళ్లలోకి తొంగిచూడవద్దు, ఫొటోలు తీయవద్దు. ఏ తాళాలు మార్చవలసి వచ్చింది, ఏ గది ఎప్పుడూ మూసే ఉంటోంది, రాత్రి డెస్కులో కూర్చునేవారికి ఎక్కడ కనిపించడం లేదు, ఈ మూడూ అడగండి.

లాంగ్ బీచ్ నుంచి

మెయింటెనెన్సు మనిషిని కూడా కలవండి. ఆయన దగ్గర ప్లంబరు బిల్లుల ఫైలు ఉంటుంది.