‘తాళంచెవుల సభ’ అనొచ్చా?

ప్రశ్న: బ్రిటన్‌కీ ఐర్లండ్‌కీ మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే ద్వీపం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడ జనం ఎన్నుకునే సభని ‘హౌస్ ఆఫ్ కీస్’ అంటారు. ‘తాళంచెవుల సభ’ అని రాస్తే మా ఎడిటర్ గారు నవ్వేశారు. ఇంకేం అనొచ్చు?

జవాబు: ఆ ద్వీపపు మ్యాంక్స్ భాషలో ఆ సభ పేరు ‘కియర్ అస్ ఫీడ్’. కియర్ నాలుగు, ఫీడ్ ఇరవై. సభ్యులు 24 మంది కదా, అదీ సంగతి. ఈ ‘కియర్ అస్’ ఇంగ్లిష్ వాళ్ల నోట పడి ‘కీస్’ అయిందని ఒక వాదన. అదే నిజమైతే తాళమూ లేదు, చెవీ లేదు! అయితే 15వ శతాబ్దపు లాటిన్ రాతలో వాళ్లని ‘క్లావెస్’ అన్నారు, అంటే తాళంచెవులే. కాబట్టి మీ మాట మరీ తీసిపారేసేదేం కాదండీ.

నా ఓటు మాత్రం ‘ఇరవై నలుగురి సభ’కే. ‘నలుగురు’ అనగానే లెక్కపెట్టింది మనుషులనని తెలిసిపోతుంది. లెక్కతో సభకి పేరు పెట్టడం మనకి కొత్తా? పంచాయతీలో ఉన్నది ఐదే.

మరొకరు: ఇప్పుడు పంచాయతీలో ఐదుగురే ఉంటున్నారా మాస్టారూ? రేపు వాళ్లూ సంఖ్య మారిస్తే?

జవాబు: పంచాయతీ పేరు మార్చామా మరి? కీస్ విషయంలో మారింది ఎంపిక పద్ధతి. 1866 దాకా జనానికి ఓటే లేదు, ఖాళీ వస్తే ఎవరిని తీసుకోవాలో ఆ సభ్యులే సూచించేవారు. ఎన్నికలు మొదలయ్యాక మాత్రం జోరు చూడండి: 1881లోనే ఆస్తి ఉన్న పెళ్లికాని స్త్రీలకి, వితంతువులకి ఓటు. బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలు 1918 దాకా ఆగాల్సి వచ్చింది. 2006 నుంచి అక్కడ 16 ఏళ్లకే ఓటు. ఇప్పుడు 12 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఇద్దరు.

ఇంకొకరు: ‘బ్రిటన్ పాలనలోని ద్వీపం’ అని మాత్రం రాయకండమ్మా. అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు, లండన్ పార్లమెంటుకి ఎంపీని పంపదు. రక్షణ, విదేశీ వ్యవహారాలు లండన్ చూస్తుంది. పన్నులు, బడులు, ఆస్పత్రులు వాళ్ల ఇష్టం. ఆ ద్వీపపు అధికారిక హోదా ‘క్రౌన్ డిపెండెన్సీ’. దాన్ని ‘సామంత రాజ్యం’ అందామంటే వాళ్లకి వేరే రాజు లేడు, బ్రిటన్ రాజే అక్కడ ‘లార్డ్ ఆఫ్ మ్యాన్’. ‘రాజాశ్రిత ప్రాంతం’ అంటే ఆస్థాన కవులు గుర్తొస్తారు. ‘బ్రిటిష్ రాచరికం కింద స్వపరిపాలన ద్వీపం’ అంటే పొడుగే గానీ తప్పుండదు.

ప్రశ్న అడిగినవారు: మరి ‘టిన్‌వాల్డ్’?

జవాబు: కీస్, పైసభ లెజిస్లేటివ్ కౌన్సిల్ కలిస్తే టిన్‌వాల్డ్. వైకింగుల భాష పాత నార్స్‌లో ఆ మాటకి ‘సభ జరిగే మైదానం’ అని అర్థం. మామూలుగా జులై 5న సెయింట్ జాన్స్ అనే ఊరి దగ్గర చిన్న గుట్ట మీద, ఆరుబయటే, కొత్త చట్టాలని ఇంగ్లిష్‌లోనూ మ్యాంక్స్‌లోనూ ప్రకటిస్తారు. 18 నెలల్లోపు అలా ప్రకటించకపోతే చట్టం చెల్లదు. మ్యాంక్స్ తల్లిభాషగా మాట్లాడిన చివరి మనిషి 1974లో పోయినా ఆ చదవడం ఆగలేదు. ఈ పేరుని అనువదించకండి, అలాగే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ. మొదటిసారి ‘హౌస్ ఆఫ్ కీస్, అంటే ఇరవై నలుగురి సభ’ అని రాసి, తర్వాత అంతటా ‘కీస్’ అంటాను. ఎడిటర్ గారికి లాటిన్ సంగతి కూడా చెప్తాను!