క్రోషేతో పగడపు దిబ్బ అల్లుతున్నా, కుచ్చులు రావడం లేదు

హన్మకొండ_అల్లిక:
మా పాప బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంటే నేనే నోరు జారి "పగడపు దిబ్బ అల్లిస్తా" అన్నాను, ఇప్పుడు ఒకటే టెన్షన్. కొత్తవాడలో మా చిన్నమ్మ వాళ్లది శత్రంజీల మగ్గం, అక్కడ మిగిలిన నూలు సంచెడు తెచ్చుకున్నా. మధ్యలో మొదలుపెట్టి వరుసకు ఆరు కుట్లు పెంచుతూ ఎంత అల్లినా టీవీ మీద కప్పే గుడ్డలాగే పరుచుకుంటోంది. పగడాలకుండే ఆ కుచ్చులు ఎట్లా వస్తాయి? ఇంకోటి, చనిపోయిన పగడానికి తెల్ల నూలు వాడొచ్చా?

నూలుపోగు:
అక్కా, వరుసకు ఆరు అంటే టేబుల్ మ్యాట్ లెక్క, అది పరుచుకోక ఏం చేస్తుంది. ప్రతి మూడో కుట్టులో రెండేసి వేయండి. అప్పుడు వరుస పెద్దదయ్యేకొద్దీ కొత్త కుట్లూ ఎక్కువవుతాయి, అంత పొడవు పట్టడానికి చోటు లేక అంచు దానంతటదే మెలికలు తిరుగుతుంది. కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే గణిత శాస్త్రవేత్త 1997లో హైపర్‌బోలిక్ జ్యామితిని, అంటే ఇట్లా కుచ్చులు తిరిగే ఉపరితలాల లెక్కను, చేత్తో పట్టుకుని చూసేలా ఇట్లాగే అల్లారు. ఆ పద్ధతితోనే ఆస్ట్రేలియాలో పుట్టిన కవలలు మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ 2005లో లాస్ ఏంజిలస్‌లో క్రోషే పగడపు దిబ్బ మొదలుపెట్టారు. కుట్టుకు రెండు మాత్రం వేయకండి, 20తో మొదలైతే నాలుగు వరుసలకే 320, మీ సంచి ఖాళీ.

కాజీపేట_జంక్షన్:
సముద్రం లేని ఊళ్లో పగడాలా! ముందు మన చెరువుల్లో గుర్రపుడెక్క అల్లండి, ఆకుపచ్చ నూలు ఒక్కటి చాలు.

బయాలజీ_సారు:
తెల్లదాని పక్కన "చనిపోయింది" అని మాత్రం రాయకండమ్మా. పగడం ఒంట్లో కంటికి కనిపించని ఆల్గే, అంటే నాచు లాంటిది, ఉంటుంది, దాని తిండి చాలావరకు అక్కడి నుంచే, రంగు కూడా. నీళ్లు బాగా వేడెక్కితే పగడం దాన్ని బయటికి నెట్టేస్తుంది, అప్పుడు ఒంట్లోంచి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. అంటే తెల్లబడ్డది ఆకలితో ఉన్న పగడం, నీళ్లు తొందరగా చల్లబడితే కోలుకుంటుంది కూడా. ఆస్ట్రేలియా దగ్గరి పెద్ద పగడపు దిబ్బ గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017 వరుసగా రెండేళ్లు పగడాలు తెల్లబడ్డాయి, అట్లా ఊపిరి తీసుకోనివ్వకపోతేనే కష్టం. చచ్చినదాని మీద పాచి పెరుగుతుంది, దానికి మురికి ఆకుపచ్చ వాడండి.

హన్మకొండ_అల్లిక:
రాత్రి మొత్తం విప్పేసి మూడుకు ఒకటి లెక్కన అల్లాను, ఏడో వరుసకు కుచ్చు తిరిగింది! సారూ, తెల్లవి నాలుగు, పాచివి రెండు చేస్తున్నా. కాజీపేట అన్నా, ఆకుపచ్చ నూలు దానికే అయిపోతోంది, మీ గుర్రపుడెక్క వచ్చే ఏడాది.