విజయశాంతి తెర మీద మొదటి ఫైట్ ఏ సినిమాలో?

మా కాలేజీలో వచ్చే నెల తెలుగు సినిమా మీద చిన్న సెమినార్ ఉంది. నేను విజయశాంతి గారి గురించి మాట్లాడాలి. ఒక్క చోట ఆగిపోయాను.

1980లో 'కిలాడి కృష్ణుడు'తో తెలుగులోకి వచ్చారు. 1985లో 'ప్రతిఘటన' వచ్చింది. అందులో లెక్చరర్ ఝాన్సీ చివర్లో గొడ్డలి ఎత్తుతుంది. ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది ఫైట్ కాదు, తెగింపు. 1990లో 'కర్తవ్యం'కి వచ్చేసరికి పోలీస్ ఆఫీసర్ వైజయంతి రౌడీలను తానే చితక్కొడుతుంది. జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా దానికే వచ్చింది. హిందీ రీమేక్ 'తేజస్విని'లోనూ ఆవిడే చేశారు.

ఈ ఐదేళ్ల మధ్య ఏం జరిగిందన్నదే నా టెన్షన్. 'యముడికి మొగుడు' (1988), 'ముద్దుల మావయ్య' (1989) పూర్తిగా చూశాను. రెండింటిలోనూ ఫైట్లు హీరోవే. యూట్యూబ్‌లో పాత ఇంటర్వ్యూలు వెతికితే అన్నీ నేరుగా 'కర్తవ్యం'తోనే మొదలవుతున్నాయి. లైబ్రరీలో ఆ కాలం సినిమా పత్రికలు సగం లేవు. ఉన్నవాటిలో ఫొటోలే ఎక్కువ. 'భారతనారి' (1989) నాకు ఇంకా దొరకలేదు.

హీరో వచ్చి కాపాడే సీన్లు, చివర్లో ఒక్క దెబ్బ కొట్టేవి నాకు లెక్క కాదు. 1985కీ 1990కీ మధ్య, విజయశాంతి గారు ఒంటరిగా పూర్తి ఫైట్ చేసిన మొదటి తెలుగు సినిమా ఏది?