ఒరెగైరు: క్యోటో ట్రిప్‌లో హచిమాన్ చేసింది తప్పా?

ప్రశ్న: ఒరెగైరు అనే జపనీస్ యానిమే సిరీస్‌లో 2015లో వచ్చిన రెండో సీజన్ చూస్తున్నాను. స్కూల్ ట్రిప్‌లో, వెదురు తోటలో క్లాస్‌మేట్ తోబే తన గ్యాంగ్‌లోని ఎబినాకి ప్రపోజ్ చేసేలోపే హీరో హచిమాన్ వెళ్లి ఆమెకి ఉత్తుత్తి ప్రపోజల్ పెట్టాడు, ఆమె కాదనేసరికి తోబే ఆగిపోయాడు, అతని పరువు దక్కింది, వాళ్ల గ్యాంగ్ చెదరలేదు, మరి హచిమాన్ క్లబ్‌లోని అమ్మాయిలు యుకినో, యుయి అంతగా ఎందుకు బాధపడ్డారు?

జవాబు 1: తనని తాను పణంగా పెట్టడం అతనికి అలవాటైపోయింది. మొదటి సీజన్ స్కూల్ ఫెస్టివల్‌లో సగామి అనే క్లాస్‌మేట్‌ని తిట్టి అందరి దృష్టిలో చెడ్డవాడైందీ ఇలాగే. తనకెవరూ లేరనుకునేవాడు కాబట్టి తన బాధని లెక్కలో వేసుకోడు. కానీ ఇప్పుడు ఆ ఇద్దరూ ఉన్నారు, అతను నలిగితే వాళ్లకీ నొప్పే. నాకైతే యుయి ఏడుపు చూశాక నిద్ర పట్టలేదు.

జవాబు 2: అవును, తప్పే. ఎనిమిదో ఎపిసోడ్ దాకా ఆపకండి, నిజమైనదేదో కావాలని హచిమాన్ యుకినో, యుయిల ముందే ఏడుస్తాడు. ఆ సీన్ కోసమే ఈ సిరీస్ అంటే నాకు ప్రాణం.

ప్రశ్న అడిగినవారు: ఇవాళే చూస్తాను, థాంక్సండీ.