ఆక్సిజన్ సెన్సర్ మార్చినా పీ0171 కోడ్ మళ్ళీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
నా పెట్రోల్ కారులో ఇంజిన్ లైటు వెలగడంతో స్కానర్ పెట్టి చూశాను. పీ0171, అంటే మొదటి బ్యాంకులో (సిలిండర్ల వరుసలో) గాలి-పెట్రోలు మిశ్రమం మరీ పలుచగా, అంటే పెట్రోలు తక్కువగా, ఉందన్న కోడ్ కనిపించింది. ఆక్సిజన్ సెన్సరే పాడై ఉంటుందని ఒకరు చెప్పగా కొత్తది వేయించి, కోడ్ చెరిపించాను. నాలుగు రోజులు బాగానే ఉంది, ఐదో రోజు అదే కోడ్‌తో లైటు మళ్ళీ వెలిగింది. బండి నడకలో నాకు ఏ తేడా తెలియడం లేదు. స్కానర్‌లో దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ 22 శాతం అని ఉంది. మిశ్రమం పలుచగా ఉందని కంప్యూటర్ దేన్ని బట్టి నిర్ణయిస్తుంది? లోపం అలాగే ఉంటే లైటు వెలగడానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టింది?

మొదటి సమాధానం:
మీ ప్రశ్నకు జవాబు ఆ 22 శాతంలోనే ఉందండీ. బరువు ప్రకారం ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి అందేలా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ ముందుగా లెక్క కడుతుంది. తర్వాత పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను సెన్సర్ ద్వారా గమనించి ఆ లెక్కను సవరించుకుంటుంది. సాధారణ జిర్కోనియా సెన్సర్ వోల్టేజి మిశ్రమం పలుచబడితే 0.1 వోల్టు వైపు దిగుతుంది, చిక్కబడితే 0.9 వోల్టు వైపు ఎక్కుతుంది. అప్పటికప్పుడు చేసే సవరణ స్వల్పకాలిక ట్రిమ్. అది చాలాసేపు ఒకే వైపు ఒరిగి ఉంటే, కంప్యూటర్ ఆ భారాన్ని దీర్ఘకాలిక ట్రిమ్‌లోకి మార్చి గుర్తుంచుకుంటుంది. కంప్యూటర్‌లోని ఇంధన వ్యవస్థ మానిటర్ కాపలా కాసేది ఈ సవరణలనే. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ పది శాతంలోపు ఉంటే మామూలుగా ఆరోగ్యంగా ఉన్నట్టే. తయారీదారు పెట్టిన హద్దు, చాలా కార్లలో సుమారు 25 శాతం, దాటితే కోడ్ నమోదవుతుంది. బండి నడకలో మీకు తేడా తెలియకపోవడానికి కారణం, కంప్యూటర్ అదనపు పెట్రోలు పోసి లోపాన్ని ఇంతకాలం కప్పి ఉంచడమే. మీ పాత సెన్సర్ బహుశా నిజమే చెప్పి ఉంటుంది.

రెండో సమాధానం:
ఆలస్యం గురించి చెబుతాను. ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కి ఇంజిన్ క్లోజ్డ్ లూప్‌లోకి, అంటే ఆ సెన్సర్‌ను బట్టి పెట్రోలు సవరించుకునే స్థితిలోకి, వచ్చాక ఈ మానిటర్ నిరంతరం పనిచేస్తుంది, కానీ ఒక్కసారి హద్దు దాటగానే లైటు వేయదు. మొదటి ట్రిప్పులో పెండింగ్ కోడ్ మాత్రమే రాసుకుంటుంది. తర్వాతి ట్రిప్పులో కూడా లోపం కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. పైగా మీరు కోడ్ చెరిపినప్పుడు దీర్ఘకాలిక ట్రిమ్ కూడా సున్నాకు వెళ్ళిపోయింది కనుక, అది మళ్ళీ హద్దు దాకా పేరుకోవడానికి కొంత నడక కావాలి. లైటు ఆరడానికీ నియమం ఉంది: లోపం మొదట కనిపించినప్పటి పరిస్థితులను పోలిన పరిస్థితుల్లో, అంటే ఇంజిన్ వేగం 375 ఆర్‌పీఎమ్ లోపు, లోడ్ (ఇంజిన్‌పై భారం) 20 శాతం లోపు తేడాతో, ఇంజిన్ అదే వేడి స్థితిలో ఉన్నప్పుడు, వరుసగా మూడు ట్రిప్పులు లోపం లేకుండా గడవాలి. ఆ పరిస్థితులన్నీ ఫ్రీజ్ ఫ్రేమ్‌లో, అంటే లోపం నమోదైనప్పటి అంకెల రికార్డులో, ఉంటాయి. కోడ్ చెరిపితే అదీ పోతుంది. దయచేసి ఈసారి చెరపకుండా ముందు దాన్ని చదవండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం 760 ఆర్‌పీఎమ్, లోడ్ తక్కువ, ఇంజిన్ వేడిగా ఉంది. ఇప్పుడు బండి నిలిపి 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచితే మొత్తం ట్రిమ్ 6 శాతానికి దిగింది.

మూడో సమాధానం:
ఇది చాలా విలువైన ఆధారం. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కారులో, ఆ సెన్సర్ దాటాక ఇన్‌టేక్ గొట్టంలో చీలిక ఉంటే, లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తుంది. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఇంజిన్ పీల్చే గాలి కొద్దిగానే ఉంటుంది కనుక ఆ దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగేకొద్దీ మొత్తం గాలిలో అది చిన్నదైపోతుంది, మీరు చూసింది అదే. పెట్రోలు పంపు బలహీనపడి ఉంటే ట్రిమ్ దీనికి విరుద్ధంగా లోడ్‌తో పాటు పెరిగేది. మ్యానిఫోల్డ్ ఒత్తిడిని మాత్రమే కొలిచే కార్లలో కథ వేరు: అక్కడ చీలిక వల్ల కంప్యూటర్ తనంతట తానే పెట్రోలు పెంచుతుంది కనుక, ట్రిమ్ కన్నా ముందు ఐడిలింగ్ వేగం పెరగడం కనిపిస్తుంది.

బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది), ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ ముందుగా చూడండి. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి చూసే పరీక్ష చేయించగలిగితే చీలిక ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు సైలెన్సర్ గొట్టం కారుతోందేమో కూడా చూడాలి, ఎందుకంటే అక్కడి నుంచి బయటి గాలి లోపలికి దూరి సెన్సర్‌ను తప్పుదారి పట్టించగలదు. బాగుచేశాక ట్రిమ్ ఐడిలింగ్‌లోనూ 2500 దగ్గరా దాదాపు ఒకే అంకెకు వస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే కోడ్ చెరపండి.