సొంత దేశంలో భూకంపం, నేను వేల మైళ్ల దూరంలో: రాత్రిళ్లు ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నాను

మా దేశంలో పెద్ద భూకంపం వచ్చి నేటికి 9 రోజులు. ఇంట్లోవాళ్లు క్షేమం. గోడలు బీటలు వారాయని ఆరుబయట పడుకుంటున్నారు. రోజుకు రెండుసార్లు మెసేజ్ పెడుతున్నారు. అయినా నాకు నిద్ర లేదు.

రాత్రి 11కి పడుకుంటే 2 గంటలకల్లా గుండె దడతో మెలకువ వస్తుంది. ఇక తెల్లారేదాకా వార్తలే. కుర్చీ కాస్త కదిలినా భూమి కంపించిందనిపిస్తోంది (ఇక్కడ అసలు భూకంపాలే రావు!).

యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) పంపే భూకంప అలర్ట్‌ను 4.5 తీవ్రత నుంచి 6కి మార్చాను. వీడియోలు ఆపేసి, వార్తలు పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున చదవాలనుకున్నాను. మూడు రోజులే సాగింది. విరాళం పంపితే ఒక్క పూట మనసు కుదుటపడింది. ప్రకంపనలు రోజురోజుకూ తగ్గుతాయని తెలుసు, కానీ మధ్యలో పెద్దది రావచ్చనీ తెలుసు. నిద్ర చెడగొట్టేది ఆ రెండోదే. ఫోన్‌ను 'డు నాట్ డిస్టర్బ్'లో పెట్టి అమ్మ, అన్నయ్య నంబర్లకు మాత్రం అనుమతిచ్చాను. కానీ పెద్ద ప్రకంపన వస్తే అక్కడ కాల్స్ కలవవు, మెసేజే ముందు వస్తుంది. దాని చప్పుడుకు నేను లేవను. అందుకే మళ్లీ మళ్లీ తీసి చూస్తున్నాను.

డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది, అది వేరే సంగతి.

ఇలా దూరం నుంచి రోజులు గడిపినవాళ్లు చెప్పండి: ఇంటి నుంచి వచ్చే అత్యవసర కబురు తప్పిపోకుండా, మిగతా రాత్రంతా ఫోన్ ముట్టుకోకుండా ఉండటానికి మీరు ఏ ఏర్పాటు చేసుకున్నారు?