పాత ఇనుప నాగలి పోత భాగాలు: తూకానికి అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న (ఆదోని రైతు)

మా తాతగారు వాడిన ఇనుప రెక్క నాగలి పశువుల కొట్టంలో విడిభాగాలుగా పడి ఉంది. నేలను చీల్చే కర్రులు రెండు, చీలిన మట్టిని పక్కకు తిరగేసే రెక్క ఒకటి, ఈ రెంటినీ పట్టి ఉంచే మధ్య దిమ్మ, ముందు భాగంలో తిరిగే చిన్న చక్రం, కొన్ని బిగింపు ముక్కలు ఉన్నాయి. కొన్నింటి వెనుక పోతలోనే వచ్చిన అంకెలు, అక్షరాలు తుప్పు కింద లీలగా కనిపిస్తున్నాయి. పాత ఇనుము కొనే వ్యాపారి అన్నింటినీ ఒకే ధరకు తూచి తీసుకుంటానంటున్నాడు. మా తమ్ముడేమో కర్రులను కమ్మరి కొలిమిలో సాగదీయించి కొడవళ్లు చేయిద్దామంటున్నాడు. వీటికి తూకానికి మించిన విలువ ఉంటుందా, ఉంటే ఏ పనికి వస్తాయి? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (పోతపని, వెల్డింగు చేసేవాడిని, విజయవాడ)

ముందుగా కొడవళ్ల ఆలోచన మానుకోమని మీ తమ్ముడిగారికి చెప్పండి. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుంచి 4 శాతం వరకు ఉంటుంది కాబట్టి, దాన్ని ఎర్రగా కాల్చి సమ్మెట వేస్తే సాగకపోగా పగిలి ముక్కలవుతుంది. కొడవలికైనా కత్తికైనా లారీ కమాను పట్టీ తీసుకువెళ్తే కమ్మరి సంతోషిస్తాడు; పోత కర్రును తీసుకువెళ్తే వెనక్కి పంపుతాడు.

అయితే మీ దగ్గర ఉన్నవన్నీ పోత ముక్కలే అనుకోనక్కరలేదు. గ్రైండరు రాయిని ఒక మూలన తాకించి చూడండి: నిప్పురవ్వలు ఎర్రగా, పొట్టిగా రాలితే అది పోత ఇనుము, పొడవుగా, తెల్లగా ఎగసి చివర చిట్లితే ఉక్కు. చక్రమూ మధ్య దిమ్మా సాధారణంగా బూడిదరంగు పోత అయి ఉంటాయి. వాటికి రంధ్రం వేయవచ్చు, ఆకురాయి పట్టించవచ్చు. కర్రుల సంగతి వేరు. అచ్చులో ఒక వైపు ఇసుకకు బదులు ఇనుప దిమ్మ అమర్చి పోసినప్పుడు, కరిగిన ఇనుము ఆ వైపున చటుక్కున చల్లబడి గాజులా గట్టిపడుతుంది. అందువల్లనే అలాంటి కర్రు నేలలో త్వరగా అరగదు. అందువల్లనే రాయి తగిలితే విరుగుతుంది, రంధ్రం వేయబోతే బిట్టు మొద్దుబారుతుంది.

విరిగిన ముక్కను అతికించాలనుకుంటే మామూలు రాడ్డు వాడనివ్వకండి, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. ముక్కను ముందుగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా అతికించి, తర్వాత బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇత్తడితో అతికించడం కూడా చక్కగా నిలుస్తుంది. ఇంత ఖర్చు పెట్టదగిన ముక్క అవునా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి. అరిగిపోయిన కర్రుకు మాత్రం నేనైతే పెట్టను.

సమాధానం 2 (ఇండియానాలో ఉంటున్న తెలుగువాడు)

నేను ఉంటున్న రాష్ట్రంలోనే సౌత్ బెండ్ అనే ఊరు ఉంది. స్కాట్లాండులో పుట్టిన జేమ్స్ ఆలివర్, పైన చెప్పిన విధంగా ముఖభాగాన్ని గట్టిపరచిన పోత నాగళ్లను ఇక్కడే తయారుచేసి పేరు గడించాడు. 1857లో పేటెంటు పొందాడు. ఇక్కడి పాత వస్తువుల సంతల్లో ఆ నాగళ్ల కర్రులు, రెక్కలు తరచుగా కనిపిస్తాయి. విడి కర్రుకు పెద్ద ధర పలకదు, ఎందుకంటే కర్రు అరిగేకొద్దీ మార్చుకునే భాగం కావడంతో అవి లెక్కలేనన్ని తయారయ్యాయి. అన్ని భాగాలూ ఉన్న నాగలికీ, తయారీదారు పేరు స్పష్టంగా కనిపించే ముక్కకూ మాత్రం సేకర్తలు మంచి ధర ఇస్తారు. నిజానికి నాగలి భాగాలకన్నా పాత వ్యవసాయ యంత్రాల పోత ఇనుప ఆసనాలకే, అందులోనూ తయారీదారు పేరును జాలీగా పోతపోసిన వాటికే, ఇక్కడ గిరాకీ ఎక్కువ.

మీరు చూసిన అంకెలను తేలికగా తీసుకోకండి. విడిగా మార్చుకోదగిన భాగాలతో పోత నాగలికి జెత్రో వుడ్ 1819లో పేటెంటు పొందాడు. భాగాలు మార్చుకునే పద్ధతి వచ్చాక ఏ కర్రు ఏ నాగలికి సరిపోతుందో చెప్పేది ఆ అంకెలే. గ్రైండరు పరీక్ష చేసేటప్పుడు ఆ వైపు తాకించవద్దు.

ఇంకొక మాట. పోత రెక్క జిగట నేలలో మట్టిని విడిచిపెట్టదు. ఇల్లినాయి నల్లమట్టిలో ఆ ఇబ్బంది వల్లనే జాన్ డీర్ 1837లో ఉక్కు రెక్క చేశాడు. మీది రేగడి అయితే, తుప్పుపట్టిన రెక్కను అద్దంలా నునుపు చేయకుండా మళ్లీ దుక్కిలో వాడాలని చూస్తే ఎద్దులకే కష్టం.

సమాధానం 3 (విశ్రాంత వ్యవసాయ ఉపాధ్యాయుడు, కర్నూలు)

కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆదోని ప్రాంతమంటున్నారు కనుక ఆ అక్షరాలను తప్పక శుభ్రంచేసి చదవండి. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1903లో కర్ణాటకలోని బెళగావిలో ఇనుప నాగళ్ల తయారీ మొదలుపెట్టి, 1910లో కిర్లోస్కర్‌వాడికి మారారు. ఇనుము తగిలితే నేల విషమవుతుందని రైతులు జంకడంతో మొదట్లో కొనేవారు కరవయ్యారు. విచిత్రమేమిటంటే, 1797లో అమెరికాలో చార్లెస్ న్యూబోల్డ్ పోత నాగలికి ఎదురైన భయం కూడా అదే. మీ ముక్కల మీద అటువంటి పాత తయారీదారు పేరు బయటపడితే, విడదీసి అమ్మడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

తుప్పు తీయడానికి ఆమ్లం వద్దు. కిరోసినులో నానబెట్టి, తీగల బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక పలుచగా అవిసె నూనె పూయండి. అంతకుముందు ఉన్నవి ఉన్నట్లుగా ఫొటోలు తీసుకోండి. మహానంది వ్యవసాయ కళాశాల వంటి చోట పాత పనిముట్లపై ఆసక్తి ఉంటుందేమో అడిగి చూడవచ్చు. డబ్బు రాకపోవచ్చు గాని, వస్తువు కొలిమి పాలు కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రవ్వల పరీక్ష చేశాను. ఒక కర్రు ఉక్కుదని తేలింది, రెండోది పోతదే. చక్రమూ మధ్య దిమ్మా పోతవే. రెక్క వెనుక అక్షరాలు ఇంకా నానుతున్నాయి. ఈలోగా ఒక సందేహం: విడిగా ఉన్న బిగింపు ముక్కల్లో ఒకటి ఇప్పటికే విరిగి ఉంది, దాన్ని దున్నిన నేలను చదును చేసే గుంటక మీద బరువుగా వాడవచ్చా?

సమాధానం 4 (పత్తికొండ నుంచి)

నిక్షేపంగా వాడవచ్చు, మేమూ అదే చేస్తాం. రాయి దొర్లిపోతుంది, ఇనుప ముక్క అయితే తీగతో గుంటక దిండుకు గట్టిగా బిగించవచ్చు. విరిగిన అంచు పదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని కిందికి తిప్పి కట్టండి, లేకపోతే గుంటక ఎత్తేటప్పుడు చేయి కోసుకుంటుంది. ఉక్కు కర్రును మాత్రం తూకానికి వేయకండి, కమ్మరి పనికి వచ్చేది అదొక్కటే. అమ్మక తప్పదనుకుంటే పోతను, ఉక్కును వేర్వేరు కుప్పలుగా పెట్టి బేరమాడండి. పోత ఇనుమును కరిగించే కార్ఖానాలు ఉన్న ఊళ్లో ఆ రెంటికీ ధర ఒకటిగా ఉండదు, అన్నింటికీ ఒకే ధర చెప్పిన వ్యాపారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది.